వినేవారుంటేనే కథ నిలుస్తుంది

పుస్తకము కాలిపోతే మరొక ప్రతి ఎక్కడైనా దొరకవచ్చును. అయితే ఒక జనాంగపు చరిత్ర అంతా కొందరు గాయకుల జ్ఞాపకములోనే ఉంటే, ఆ గాయకులు కన్ను మూసిన నాడు ఏమి మిగులుతుంది? లోకములో ఎన్నో ఆదివాసీ జాతులు తమ పుట్టుకను, తమ పూర్వికుల సంగతులను నోటిమాటగానే కాపాడుకొంటూ వచ్చినవి. దూరదేశాల మాట అటుంచి, మన ఆదిలాబాదు అడవులలో నివసించే గోండుల సంగతినే ఈ నెల మన కుటుంబాల ముందు ఉంచుతున్నాము.

గోండులు తమను తాము కోయితూర్ అని చెప్పుకొంటారు. వీరు తెలంగాణలోనే గాక మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలలో కూడా విస్తారముగా ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారము గోండి మాతృభాషగా గలవారు దాదాపు 30 లక్షలు. మన తెలుగువలెనే గోండి కూడ ద్రావిడ భాష.

పర్ధాన్ల బాధ్యత

గోండుల చరిత్రను జ్ఞాపకముంచుకొనేవారు గోండులు కారు, పర్ధాన్లు అనే మరొక తెగవారు. ఆదిలాబాదు ప్రాంతపు పర్ధాన్లు ఇంట్లో మరాఠీ మాట్లాడుతారు. గోండుల కథను మాత్రము గోండిలో పాడుతారు. కిక్రి అనే తీగల వాద్యమును కమానుతో మ్రోగిస్తూ, పెర్సా పేన్ పూజలలోను, పెండ్లిండ్లలోను, మరణ కార్యములలోను గంటల తరబడి గానము చేస్తారు. ఒక్కొక్క గోండు కుటుంబానికి తరతరాలుగా ఒక పర్ధాను కుటుంబము ఉంటుంది. పాడినందుకు ధాన్యమో, పశువో, డబ్బో కానుకగా ఇస్తారు. ఒకరి చరిత్ర మరొకరి నోట ఉన్నది. ఆ నోటికి అన్నము మొదటివారి పొలములో ఉన్నది. ఈ ఏర్పాటును మనము గుర్తుంచుకోవాలి.

వారు పాడే కథ సారాంశమేమనగా: గోండుల ఆదిదేవతలు పుట్టిన తరువాత ఒక గుహలో బంధింపబడ్డారు. గుహ ద్వారానికి పెద్ద బండ అడ్డుపెట్టబడినది. జంగుబాయి తల్లి వారిని ఆదరించినది. పహండి కుపార్ లింగాల్ అనే మహాపురుషుడు వారిని వెదకి, విడిపించి, నాలుగు దేవతల వారు, ఐదు దేవతల వారు, ఆరు దేవతల వారు, ఏడు దేవతల వారు అని నాలుగు శాఖలుగా ఏర్పరచాడు. ఎవరు ఎవరిని పెండ్లాడవచ్చునో, ఏ దేవతను ఎలా కొలవాలో నేర్పాడు. ఊరూరికీ, గాయకుడికీ గాయకుడికీ కథలో కొంత తేడా ఉంటుంది.

ఇది పిల్లలను నిద్రపుచ్చే కథ కాదని ఇందునుబట్టి తెలుస్తున్నది. ఒకే శాఖలోనివారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారి మధ్య వివాహము కూడదు. పెండ్లి సంబంధము మాట్లాడాలన్నా, చనిపోయిన తండ్రిని పూర్వికులతో చేర్చాలన్నా ఈ కథే ఆధారము. కథ మరచిపోతే చుట్టరికమే తెలియకుండా పోతుంది.

కాగితము మీదికి

ఈ కథను మొదట కాగితము మీద పెట్టినవారిలో ఒక మిషనరీ ఉన్నారని మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చును. స్కాట్లాండు ఫ్రీ చర్చికి చెందిన స్టీఫెన్ హిస్లాప్ గారు 1845లో నాగపూరు చేరారు. బడులు పెట్టారు, రాళ్లను పరిశోధించారు, అడవి జాతుల భాషలను నేర్చుకొన్నారు. తన విశ్వాసానికి వేరైన కథ అయినప్పటికీ లింగాల్ గాథను పర్ధాను నోట ఓపికగా విని, గోండి మాటలలోనే వ్రాసుకొన్నారు. 1863 సెప్టెంబరులో టాకల్‌ఘాట్ నుండి తిరిగి వస్తూ, పొంగిన వాగులో మునిగి చనిపోయారు. వ్రాతలు అచ్చుకాకుండానే మిగిలిపోయినవి. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వాటిని సమకూర్చి 1866లో అచ్చు వేయించబట్టి ఆ గాథ మనకు దక్కినది.

ఆదిలాబాదులో ఈ పని మరొక విధముగా జరిగినది. 1940లో కుమురం భీము జోడేఘాట్‌లో ప్రాణాలు విడిచిన తరువాత నిజాము ప్రభుత్వము క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ గారి సహాయము కోరినది. ఆయన భార్య బెట్టీగారితో కలిసి మార్లవాయి గ్రామములో గుడిసెలో కాపురముండి, గోండి నేర్చి, పర్ధాన్ల గాథలను వ్రాసుకొని 1948లో గ్రంథముగా ప్రకటించారు. అంతేగాక మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము నడిచినది. గోండిలో వాచకాలు తయారైనవి. 1987లో చనిపోయిన బెట్టీగారి సమాధి అక్కడే ఉన్నది. 1995లో లండనులో మరణించిన ఆయన అస్థికలను కూడా తరువాత ఆమె ప్రక్కనే ఉంచారు. కథలు పట్టుకొని వెళ్లిపోయినవారిని ఊరు మరచిపోతుంది. వీరిని మార్లవాయి మరచిపోలేదు.

గోండులకు స్వంత లిపి లేదని చాలాకాలము అనుకొనేవారు. అయితే ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామములో వేరొక లిపిలో ఉన్న గోండి చేతివ్రాత ప్రతులు దొరికినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయములో పనిచేసిన జయధీర్ తిరుమలరావుగారు, వారి తోటివారు ఊరి పెద్దలతో కలిసి ఆ లిపిని వెలుగులోనికి తెచ్చారు. 2018లో ఆ లిపి కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లో చేరినది.

కాగితము చేయలేనిది

ఇంత జరిగినది గనుక ఇక భయము లేదనవచ్చునా? అనలేము. పుస్తకములో మాటలుంటాయి, కిక్రి పలుకు, గాయకుని స్వరము, ఎక్కడ ఆగాలో తెలిసిన అనుభవము ఉండవు. గోండు రైతు ఇంట ధాన్యము లేకపోతే కానుక లేదు. కానుక లేకపోతే పర్ధాను కుమారుడు కిక్రిని గోడకు తగిలించి కూలికి పోతాడు. రాత్రంతా కూర్చుండి వినే యువకులు లేకపోతే ఎవరికని పాడుతాడు? చెప్పేవాడు చనిపోవడముకంటె వినేవాడు లేచిపోవడమే కథకు పెద్ద ప్రమాదము.

ఉపాధ్యాయులుగా, నర్సులుగా, సేవకులుగా ఇటువంటి గ్రామాలకు వెళ్లే మన యౌవనస్థులకు ఒక మనవి. పెద్దలు చెప్పేది వ్రాసుకొనేటప్పుడు ముందు వారి అనుమతి అడగండి. వారి భాషలోనే వ్రాయండి. మన భాషలోనికి మార్చడము తరువాత. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పక వేయండి. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండూ వ్రాయండి. ఏది నిజమని తీర్పు తీర్చవద్దు. చివరకు ఒక ప్రతిని ఆ ఊరి బడిలో గాని, ఆ ఇంటిలో గాని ఇచ్చి రండి.

అన్నిటికంటె ముందు, వ్రాయడానికి తొందరపడక, కూర్చుండి వినండి. పర్ధాను పాట పూర్తి కావడానికి రాత్రి అంతా పడుతుంది.