బ్రహ్మకమలము

తెలుగునాట పెక్కు ఇండ్లలో రాత్రివేళ తెల్లగా విచ్చి, తెల్లవారునప్పటికి వాడిపోవు పూవు నొకదానిని జనులు బ్రహ్మకమలమందురు. అది మెక్సికో ప్రాంతమునుండి వచ్చిన జెముడుజాతి మొక్క. అసలు బ్రహ్మకమలము వేరు. అది హిమాలయములయందు, సుమారు 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున, చెట్లు మొలవని రాతినేలలలో పెరుగును. పేరునకు కమలమే గాని, అది పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది. నీటితో దానికి పొత్తు లేదు.

అచ్చట వేసవి మిక్కిలి స్వల్పము. శీతకాలమున నేలయంతయు మంచుక్రింద నుండును. పైనున్న కాడయు, ఆకులును నశించినను, భూమిలోని మొదలు బ్రతికియుండి, మంచు కరగిన పిదప మరల చిగిర్చును. ఇట్లు అనేక సంవత్సరములు జీవించుటచే దీనిని బహువార్షికమందురు. జూలై మొదలు సెప్టెంబరు వరకు ఇది పూచును. చూపరులు రేకులని భ్రమించు లేతపసుపు పొరలు నిజమునకు రేకులు కావు. అవి పుష్పపుచ్ఛములను ఒకవిధమైన ఆకులు. అసలు పూవులు చిన్నవి, ఊదావన్నెవి. ఆ పొరల నడుమ గుంపుగా దాగియుండును. కాగితమువలె పలుచనైన పొరలు వెలుతురును లోనికి రానిచ్చి, చలిని, వానను అడ్డగించును. పుప్పొడి వానకు తడిసినచో చెడిపోవును గదా!

కేదారనాథ, బదరీనాథ క్షేత్రములలో ఈ పూవును దేవునికి అర్పించుట ఆచారము. ఔషధములకును దీనిని సేకరింతురు. విత్తనము పండకమునుపే పూవును కోసినచో, ఆ చరియపై క్రొత్త మొక్కలు మొలచుట కవకాశముండదు. వేరుతో పెకలించినచో ఉన్న మొక్కయు పోవును. ఉత్తరాఖండమునకు ఇది రాష్ట్రపుష్పము. ఆ రాష్ట్రమందలి పూలలోయ 1982లో జాతీయోద్యానమైనది. అందు ఏ పూవునైనను కోయుట నిషిద్ధము.