తంగూసు బలంపైనే మహాశీర్ బతుకు
గాలం సామాను ఎంపికలో ఏమరుపాటు చేపకు ప్రాణాంతకం

బెంగళూరు: గాలం వేసే అలవాటు ఉన్నవారు దుకాణానికి వెళ్లినప్పుడు ప్రధానంగా చూసుకునేవి మూడు. కర్ర, రీలు, తంగూసు. చెరువు గట్టున బొచ్చె కోసమో శీలావతి కోసమో కాచుకుని కూర్చునేవారికి ఈ ఎంపిక కుదరకపోతే పోయేది ఒక పూట కూర మాత్రమే. మహాశీర్ విషయం వేరు. దక్షిణాదిన కావేరిలోను, ఉత్తరాదిన హిమాలయ నదులలోను జీవించే ఈ చేపను పట్టి, తూచి, తిరిగి నీటిలో విడిచిపెట్టడమే నేటి ఆచారం. అలా విడిచిన చేప బతుకుతుందా, బండల మాటున వెల్లకిలా తేలుతుందా అన్నది చాలావరకు సామాను కొన్ననాడే నిర్ణయమైపోతుంది.

మహాశీర్ మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసుల కుటుంబానికి చెందినదే. అయితే ఏటి ప్రవాహానికి ఎదురీదే బలంలోను, పరిమాణంలోను వాటికి అందనంత ఎత్తున ఉంటుంది. గాలానికి చిక్కిన మహాశీర్‌లలో అతి పెద్దదిగా చెప్పుకొనేది 1946లో మైసూరు సమీపంలోని కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే ఆయన పట్టిన చేప. దాని బరువు 120 పౌన్లు, అంటే 54 కిలోలకు పైచిలుకు. ఆ కుటుంబం చచ్చిన పులులను, చిరుతలను బతికున్నట్టు నిలబెట్టే వృత్తిలో ప్రసిద్ధి పొందినది. అంతకు ముందు 1919లో కావేరిలో మేజర్ రివెట్-కార్నాక్ 119 పౌన్ల చేపను పట్టారు.

ఈ అంకెలు ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. గాలం సామానుపై వచ్చే ఆంగ్ల సాహిత్యంలోను, తయారీదారుల జాబితాలలోను పెద్దపీట అమెరికా వాసుల అభిమాన చేప అయిన 'బాస్'ది. ఆ జాతిలో ప్రపంచ రికార్డు 22 పౌన్ల 4 ఔన్సులు, అంటే సుమారు 10 కిలోలు. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ నెలకొల్పిన ఆ రికార్డును 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా సమం చేశారు. ఏడడుగుల కర్ర, అరచేతిలో ఇమిడే రీలు, 10 నుంచి 17 పౌన్ల తంగూసు ఉంటే బాస్‌కు సరిపోతుంది. బాస్ నిలకడ నీటి చేప. పెనుగులాట నిమిషాలలో ముగుస్తుంది. అదే సామానుతో కావేరి మడుగు ఒడ్డున నిలబడితే జరిగేది వేరు. ఎర మింగిన మహాశీర్ తొలి ఊపులోనే వంద మీటర్ల దారం లాక్కొని బండల సందున దూరుతుంది. అక్కడ తంగూసు తెగుతుంది. నోట్లో గాలం, వెనుక వేలాడే మీటర్ల కొద్దీ దారంతో చేప వెళ్లిపోతుంది. ఆ దారం ఏ రాతికో కొమ్మకో చుట్టుకుంటే అక్కడే దానికి ఉరి.

తెగకపోయినా ముప్పు తప్పదు. బలహీనమైన తంగూసును కాపాడుకోవడానికి మనిషి చేపను మెల్లమెల్లగా, గంటల తరబడి అలసటకు గురిచేయవలసి వస్తుంది. అంతసేపు పెనుగులాడిన చేప కండరాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. వేసవిలో నీరు వేడెక్కి ప్రాణవాయువు తక్కువగా ఉన్నప్పుడు అటువంటి చేపను విడిచిపెట్టినా కోలుకోవడం కష్టం. "సన్న దారంతో పెద్ద చేపను పట్టాను" అని మురిసిపోయే ఘనకార్యం ఇక్కడ గొప్ప కాదని చెప్పక తప్పదు.

వెదురు నుంచి కార్బన్ దాకా

మహాశీర్ వేటపై మొదటి సమగ్ర గ్రంథం రాసినది మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్. 1873లో వెలువడిన ఆ పుస్తకం పేరు 'ది రాడ్ ఇన్ ఇండియా'. ఆయన కాలంలో కర్ర అంటే వెదురు, దారం అంటే పట్టు. విశేషమేమంటే, ఆ రోజుల్లో ఈ వ్యాపారంలో మన దేశం అమ్మకందారుగా ఉండేది. 'కలకత్తా వెదురు' పేరుతో ఎగుమతయ్యే బొంగులనే ఐరోపా, అమెరికా దేశాలలో చీల్చి, అతికించి గాలపు కర్రలు తయారు చేసేవారు. 20వ శతాబ్ది ఆరంభ దశాబ్దాలలో చైనా నుంచి వచ్చిన టాంకిన్ వెదురు దానిని పక్కకు నెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం గాజునార, 1970లలో కార్బన్ నార వచ్చి వెదురుకే కాలం చెల్లేలా చేశాయి.

నేడు దుకాణంలో కనిపించే కర్రలు ఎక్కువగా కార్బన్‌వి. తేలికగా, బిగువుగా ఉంటాయి. దూరంగా విసరడానికి అనువైనవి. ఒక రాతికి గట్టిగా తగిలితే పైకి కనిపించని పగులు పడి, పెద్ద చేప లాగినప్పుడు ఫటేలుమని విరగడం వాటి లోపం. గాజునార కర్ర బరువు, విసురు తక్కువ. అయినా విల్లులా లోతుగా వంగి చేప గుంజుడును తనలోకి తీసుకుంటుంది. కావేరి వంటి బండల ఏటికి రెండు నారలూ కలిపి చేసిన కర్ర మేలు. ఒడ్డు నుంచి వేసేవారికి 9 నుంచి 12 అడుగుల పొడవు అవసరం. పొడవు పెరిగేకొద్దీ దారాన్ని బండల అంచులకు తగలకుండా ఎత్తి పట్టడం సులువు. పుట్టిలో కూర్చొని వేసేవారికి 7, 8 అడుగులు చాలు. కృష్ణా, తుంగభద్రలపై మనవారు తిరిగే పుట్టి వంటిదే కావేరిపైనా వాడతారు. అందులో పొడవాటి కర్ర తిప్పబోతే తోటివారి తలకు తగలడం ఖాయం.

కర్ర మొదట్లో రెండు అంకెలు ముద్రించి ఉంటాయి. ఒకటి అది తట్టుకోగల తంగూసు బలం, రెండవది విసరదగిన ఎర బరువు. కొనుగోలుదారు మొదట చదవవలసినవి అవే. రంగు, పిడి నగిషీ ఆ తరువాత. మరీ బిగుసైన కర్ర కూడా పనికిరాదు. వంగని కర్ర చేప మూతిని చీల్చి గాలాన్ని ఊడగొడుతుంది.

రీలులో చూడవలసినది పట్టు

రీళ్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది కర్రపైన అడ్డంగా కూర్చుని, దారంతోపాటు తానూ తిరిగే మల్టిప్లయర్. రెండవది కర్ర కింద వేలాడుతూ, కదలని చుట్టపై దారాన్ని తీగె చేయితో చుట్టే స్పిన్నింగ్ రీలు. మల్టిప్లయర్‌లో దారం నేరుగా చుట్టుకుంటుంది కనుక భారీ చేపను లాగే బలం ఎక్కువ. విసరడం మాత్రం అభ్యాసం మీద వచ్చే విద్య. బొటనవేలు క్షణం ఏమరితే దారమంతా పిచ్చుక గూడు అవుతుంది. స్పిన్నింగ్ రీలు కొత్తవారికి సులభం. కానీ దారం మలుపు తిరిగి చుట్టుకోవడం వల్ల మెలికలు పడతాయి. కావేరి శిబిరాలలో స్వీడన్‌లో పుట్టిన ఆబూ వారి మల్టిప్లయర్లకు చిరకాలంగా ఆదరణ ఉంది. జపాన్‌కు చెందిన షిమానో, దైవా, అమెరికాలో పుట్టిన పెన్ కూడా తెలిసిన పేర్లే. వీటిలో షిమానో 1921లో సైకిల్ భాగాల తయారీతో మొదలైన సంస్థ. సైకిల్ చక్రానికి, రీలుకు ఇరుసు పనితనం ఒకటేనేమో.

అమ్మకందారులు బాల్ బేరింగుల సంఖ్యను ఘనంగా చెబుతారు. పది బేరింగులున్న రీలు నాలుగు ఉన్నదాని కంటే బలమైనదని అర్థం కాదు. చూడవలసినది 'డ్రాగ్'. దీనికి తెలుగులో సరైన మాట లేదు, 'పట్టు' అనుకోవచ్చు. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొద్దికొద్దిగా జారనిచ్చే ఏర్పాటు ఇది. తంగూసు తెగే బరువులో మూడో వంతు లేదా నాలుగో వంతు లాగుడుకు దారం జారేలా పట్టు బిగించుకోవాలి. 30 పౌన్ల తంగూసైతే పది పౌన్ల లోపు, అంటే నాలుగున్నర కిలోల లోపు. చాలామంది చేత్తో లాగి చూసి సరిపోయిందనుకుంటారు. కూరగాయల వారు వాడే స్ప్రింగు కాటాను దారం కొసన తగిలించి, కర్ర వంచి లాగి చూస్తే లెక్క కచ్చితంగా తేలుతుంది. పట్టు కుదుపులు లేకుండా మెత్తగా జారడం ముఖ్యం. ఒక్కసారి బిగుసుకుని మరోసారి వదిలేస్తే ఎంత ఖరీదైన రీలైనా వ్యర్థం. ఇక దానిపై కనీసం 200 మీటర్ల తంగూసు పట్టాలి.

అసలు కీలకం దారమే

కర్ర, రీలు ఎంత మేలైనవైనా చేపకు, మనిషికి మధ్య ఉన్నది దారమే. 1938లో అమెరికాలోని డ్యుపాంట్ సంస్థ నైలాన్‌ను ప్రకటించిన తరువాత పట్టు దారం క్రమంగా మూలపడింది. మన మత్స్యకారులు తంగూసు అనేది ఈ ఒంటిపోగు నైలానునే. దీని ప్రధాన గుణం సాగడం. చేప హఠాత్తుగా గుంజినప్పుడు తంగూసు సాగి ఆ దెబ్బను కొంత మింగుతుంది. రాతి రాపిడిని ఓర్చుకుంటుంది. నీటిలో నానితే, ఎండలో పడి ఉంటే బలం తగ్గడం దీని దోషం. దుకాణం గాజు బీరువాలో ఏళ్ల తరబడి ఎండ తగిలిన చుట్టను చౌకగా ఇస్తున్నారని తీసుకోవడం వివేకం కాదు.

1990లలో విస్తరించినది పాలిథిలీన్ పోగులతో నేసిన అల్లిక దారం. బలానికి దీనిని మించినది లేదు. 30 పౌన్ల అల్లిక దారం 8 పౌన్ల తంగూసంత సన్నగా ఉంటుంది. అందువల్ల రీలుపై ఎక్కువ పొడవు పడుతుంది, చిన్న కదలిక కూడా చేతికి తెలుస్తుంది. ఇన్ని సుగుణాలున్నా బండల మధ్య దీనిని ఒంటరిగా నమ్మరాదు. బిగుసుకున్న స్థితిలో పదునైన రాతి అంచుకు ఒరిస్తే దూదిపోగులా తెగిపోతుంది. బొత్తిగా సాగదు కనుక చేప గుంజుడంతా కర్ర మీద, చేప మూతి మీద పడుతుంది. మూడవది ఫ్లోరోకార్బన్. నీటిలో అంతగా కనిపించదు, రాపిడికి గట్టిది, ధర హెచ్చు.

కావేరి వంటి చోట 30 నుంచి 50 పౌన్ల తంగూసును నేరుగా వాడటం పాత పద్ధతి. రీలుపై అల్లిక దారం చుట్టి, కొసన కొన్ని మీటర్ల మందపాటి తంగూసు ముడివేయడం కొత్త పద్ధతి. రెండింటిలో పాతదే కొత్తవారికి క్షేమకరమని ఈ రచయిత అభిప్రాయం. రెండు దారాల మధ్య ముడి వేయడం నేర్చుకోకుండా ఆధునిక సామాను కొనడం వల్ల లాభం లేదు. ఏ ముడి అయినా దారం బలాన్ని కొంత తగ్గిస్తుంది. దానిని తడిపి బిగించకపోతే రాపిడి వేడికి మరింత తగ్గుతుంది. ప్రతి చేప తరువాత కొస మీటర్లను వేళ్ల మధ్య జార్చి చూసి, గరుకు తగిలితే కోసివేయాలి.

ఎర విషయంలో ఖర్చు లేదు. రాయలసీమ సంగటి కంటే గట్టిగా ఉడికించిన రాగి పిండి ఉండ కావేరిలో ప్రసిద్ధమైన ఎర. దానిని పెద్ద గాలం చుట్టూ అద్ది, సీసపు గుండుతో మడుగులోకి వదులుతారు. గాలానికి ఉండే వెనుక ముల్లును పట్టకారుతో నొక్కివేస్తే చేప నోటి నుంచి తీయడం క్షణాల పని.

చిట్టా చెప్పిన చేదు నిజం

ఇంత జాగ్రత్త ఎందుకన్నదానికి జవాబు కావేరి తీరంలోని గాలిబోరె శిబిరం చిట్టాలలో దొరికింది. 1998 నుంచి 2012 వరకు అక్కడికి వచ్చినవారు ఎన్ని గంటలు గాలం వేశారో, ఏ చేప ఎంత తూగిందో రాసిపెట్టారు. 23,620 గంటలు, 6,161 చేపలు. వాటిలో అతి పెద్దది 104 పౌన్లు, సుమారు 47 కిలోలు. పరిశోధకులు ఆ లెక్కలను పరిశీలించగా పట్టుబడే చేపల సంఖ్య పెరుగుతున్నట్టు కనిపించింది. లోతుగా చూస్తే పెరుగుతున్నది నీలిరెక్కల మహాశీర్ అని, కావేరికే ప్రత్యేకమైన మూపురపు మహాశీర్ అంతకంతకు తరిగిపోతున్నదని తేలింది. పట్టుబడిన కొద్ది మూపురపు చేపలూ ముసలి, భారీ చేపలే. పిల్లలు ఎదిగి రావడం లేదన్నమాట. నీలిరెక్కల జాతి మన కృష్ణా పరీవాహకానికి చెందినది. లోనావాలాలో టాటా విద్యుత్ సంస్థ 1970లలో నెలకొల్పిన పెంపక కేంద్రం పిల్లలను, సదుద్దేశంతోనే, కావేరిలో వదిలారు.

ప్రపంచానికి 19వ శతాబ్ది నుంచి తెలిసిన ఆ మూపురపు చేపకు సరైన శాస్త్రీయ నామం 2018 వరకు ఖరారు కాలేదు. కేరళలోని పాంబార్ ఏటిలో 2007లో వర్ణించిన 'టోర్ రెమాదేవీ' జాతే ఇదని ఆ ఏడు నిర్ధారించారు. వెంటనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. హిమాలయ నదుల బంగారు మహాశీర్ కూడా ప్రమాదంలో ఉన్న జాతే.

కాగా, గాలిబోరె చిట్టా 2012తో ఆగిపోవడానికి కారణం చట్టం. ఆ ప్రాంతం 1987లో ప్రకటించిన కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం కూడా వేట కిందికే వస్తుందన్న అన్వయంతో అక్కడ గాలం నిలిపివేశారు. ఒకప్పుడు దొంగతనంగా చేపలు పట్టినవారిలో కొందరు ఆ శిబిరాలలో దారి చూపే పనివారుగా కుదురుకున్నారు. వారి జీవనోపాధి పోయింది. గాలం వేసేవారి కళ్లు నదిపై లేకుండా పోతే డైనమైట్ పేల్చి చేపలు పట్టేవారికి అడ్డు ఉండదని ఒక వాదం. అత్యంత ప్రమాదంలో ఉన్న జీవిని వినోదం కోసం హింసించరాదన్నది మరో వాదం. రెండింటిలోను బలం ఉంది. తూకం మాత్రం చిట్టా వైపు మొగ్గుతుంది. ఆ పద్నాలుగేళ్ల కాగితాలే లేకపోతే మూపురపు చేప తరిగిపోతున్న సంగతి బయటపడటం దుర్లభం.

అభయారణ్యాల వెలుపల పరిస్థితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు హిమాచల్ ప్రదేశ్‌లో మత్స్యశాఖ గాలానికి లైసెన్సులు ఇస్తుంది. సామాను కొనడానికి ముందే వెళ్లదలచిన నదికి అనుమతి ఉన్నదీ లేనిదీ సంబంధిత శాఖలో విచారించుకోవడం మంచిది.

వెళ్లేవారు సంచిలో వేసుకోవలసిన వస్తువు మరొకటి ఉంది, ఒక ఖాళీ డబ్బా. కోసివేసిన తంగూసు ముక్కలను అందులో వేసి ఇంటికి తెచ్చుకోవాలి. నైలాన్ కుళ్లదు. ఒడ్డున పారవేసిన చిక్కుముడి నీటిపిల్లుల కాళ్లకు, తాబేళ్ల మెడలకు చుట్టుకుంటుంది. తెచ్చిన దారాన్ని చెత్తకుండీలో వేసే ముందు అంగుళం, రెండంగుళాల ముక్కలుగా కత్తిరించాలి.