హోమియో వైద్యుడు రోగిని పరీక్షించు విధము

నడుము నొప్పితో హోమియో వైద్యుని కడకు వెళ్లిన రైతును ఆయన మొదట నడుమును గూర్చియే అడుగును. పిమ్మట దాహము ఎట్లున్నది, నిద్ర పట్టుచున్నదా, చలిగాలి సరిపడునా, కోపము త్వరగా వచ్చునా అని ప్రశ్నించును. నడుమునకును కోపమునకును సంబంధమేమని రైతునకు తోచుట సహజము.

ఈ వైద్యమును నెలకొల్పినవాడు జర్మనీ దేశీయుడైన శామ్యూల్ హానిమన్. ఆయన 1755లో జన్మించి 1843లో మరణించెను. రోగి వృత్తాంతమును సేకరించు పద్ధతిని తన 'ఆర్గనాన్' గ్రంథములో వివరించెను. రోగి చెప్పుచుండగా అడ్డు తగులరాదు. అవును, కాదు అను జవాబుతో ముగియు ప్రశ్నలు వేయరాదు. ఇంటివారు చెప్పునదియు వినవలెను. ఇట్లు తెలిసిన శరీర, మనో లక్షణములన్నిటిని కలిపి లక్షణ సముదాయమందురు. ఈ వైద్యులు మందు నిర్ణయించునది దీనినిబట్టియే.

ఉదాహరణకు, వానలో తడిసి నాట్లు వేసిన ఇద్దరికి నడుము నొప్పి వచ్చినదనుకొందము. ఒకరికి లేవగానే నొప్పి హెచ్చి, నాలుగడుగులు నడచిన పిదప తగ్గును. కాపడము హాయి నిచ్చును. రెండవవారికి కొంచెము కదలినను బాధ హెచ్చును; కదలక పడుకొనిన నెమ్మది; దాహము మెండు. మొదటివారికి రస్‌టాక్స్, రెండవవారికి బ్రయోనియా సరిపోవునని హోమియో గ్రంథములు చెప్పును. అందరిలో కానవచ్చు లక్షణముకంటె ఆ రోగియందే కానవచ్చు విశేషమునకు విలువ హెచ్చు. జ్వరములో దాహము సామాన్యము. తీవ్ర జ్వరములోను దాహము లేకుండుట విశేషము.

అయితే ఒక సంగతి మరువరాదు. ఈ పరిశీలన మందును ఎంచుకొనుటకే గాని, రోగమేదియో తేల్చుటకు చాలదు. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి అనేక పరిశోధనలను సమీక్షించి, ఏ వ్యాధికిని హోమియో మందు పనిచేయునని నమ్మదగిన ఆధారము లేదని 2015లో ప్రకటించినది. కావున రెండు వారములు మించిన దగ్గునకు కఫ పరీక్ష చేయింపవలెను. మధుమేహమునకు, రక్తపు పోటునకు వాడుచున్న మందులను డాక్టరు చెప్పక మానరాదు. పాము కరచినను, గుండెలో నొప్పి వచ్చినను, పసిబిడ్డ విరేచనములతో సోలిపోయినను క్షణమాలస్యము చేయక 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను.

ఏ వైద్యుని కడకు వెళ్లినను బాధ ఎప్పుడు మొదలైనదో, దేనివలన హెచ్చునో, దేనివలన తగ్గునో, ఏ మందులు వాడుచున్నారో దాపరికము లేక చెప్పుడు. రోగి చెప్పిన మాట, పరీక్షలో తేలిన నిజము, ఈ రెండును కలసిననే వైద్యము సరియైన దారిని నడచును.