దొనకొండ నుంచి దిగువమెట్ట దాకా

రైలు దిగి బోర్డు చూసిన కొత్తవాళ్ళు "ఇదేమిటి, మార్కాపురం రోడ్ అని రాసుంది, మరి ఊరేదీ?" అని దిక్కులు చూడటం మాకు మామూలే. రైల్వేవాళ్ళు పేరు పక్కన 'రోడ్' అని చేర్చారంటే ఊరు ఇంకాస్త ఎడంగా ఉందని అర్థం. ఆటో ఎక్కాల్సిందే. పొద్దుపోయాక పిల్లల్నీ సంచుల్నీ వేసుకుని దిగిన ఆడవాళ్ళకి ఆ చివరి కాస్త దూరమే అసలు ప్రయాణం.

హైదరాబాదులో ఉంటున్న మా ఆడపడుచు మాటలన్నీ మెట్రో లెక్కలే. 2017 నవంబరులో అది మొదలయ్యాక ఆమె వీధుల పేర్లు చెప్పడం మానేసింది. "అమీర్‌పేట నుంచి రెండో స్టేషను వదినా" అంటుంది. మాకూ ఒక లైనుందమ్మా, కాకపోతే నిమిషాల లెక్కన కాదు, పూటల లెక్కన బండి వస్తుంది అంటాను నేను.

అదే గుంటూరు-గుంతకల్లు లైను. మా పశ్చిమ ప్రకాశానికి కురిచేడు, దొనకొండ, గజ్జెలకొండ, మార్కాపురం రోడ్, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట... ఇవే మా పేటలు. 1876-78లో వచ్చిన ధాత కరువు గురించి మన ముత్తవ్వల కాలం నుంచీ వింటున్నదే. గింజలు చేరవేసే దారి లేక జనం రాలిపోయారు. ఆ తరవాతే తెల్లదొరలు ఇటు మీటరుగేజి పట్టాలు వేయించారు. అంటే కరువు వేసిన లైను ఇది. 1990లలో బ్రాడ్‌గేజి అయింది.

పాత లైనులో దొనకొండకి ఉన్న దర్జా వేరు. బొగ్గింజన్ల షెడ్డు, వరసగా రైల్వే క్వార్టర్లు, దొరల కాలనీ. బొగ్గింజన్లు పోయాయి, సందడీ పోయింది. 2014లో రాజధాని ఇక్కడే అని పుకారు పుట్టి కొన్నాళ్ళు భూముల రేట్లు ఎగిరాయనుకోండి, అది వేరే కథ!

మార్కాపురం పేరు మారిక అనే గొల్ల ఇల్లాలి మీదుగా వచ్చిందంటారు. మీలో చాలామంది అక్షరాలు దిద్దిన పలక ఈ ఊరిదే అయ్యుంటుంది. నోటుపుస్తకాలు వచ్చి పలకల గిరాకీ తగ్గింది గానీ, ఆ పనిలో చేతులు అరగదీసుకున్న ఆడవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. కంభం వెళితే అక్కడి చెరువుకీ ఆడమనిషి పేరే చెబుతారు. గుండ్లకమ్మకి అడ్డంగా కొండల మధ్య కట్ట వేయించింది శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని. నీళ్ళ విలువ ఆమెకి తెలిసినట్టు తరవాత ఎవరికి తెలిసింది కనక!

గిద్దలూరు దాటి దిగువమెట్ట వచ్చిందంటే ఇక నల్లమలే. చెలమ, గాజులపల్లె దాకా అడవీ, లోయలూ. బొగదాలోకి బండి దూరగానే పెట్టెలో పిల్లలంతా ఒక్క కేక పెడతారు. సీజన్లో సీతాఫలాల గంపలతో ఆడవాళ్ళు ఎక్కితే పెట్టంతా అదే వాసన.

ఈ అందాలన్నీ కిటికీ పక్కన సీటు దొరికినవాళ్ళకి. సంక్రాంతి వెళ్ళాక ప్యాసింజరు ఎక్కి చూడండి. తలుపు దగ్గర సత్తు గిన్నెలు, బియ్యం మూటలు, చంటిపిల్లలు. "యాడికమ్మా?" అంటే "మిరపకోతలకి" అంటారు. "బోర్లన్నీ ఎండిపాయ. ఉంటే తినేదేంది?" గుంటూరు వైపు పొలాల్లో రెండు మూడు నెలలు కోత. ఇంటిదగ్గర ముసలివాళ్ళు, బడికెళ్ళే పిల్లలు. ఊళ్ళో ఉన్నా ఫ్లోరైడు నీళ్ళు తాగి కీళ్ళు పట్టేసిన బతుకులే. కరువులో గింజలు తేవడానికి వేసిన పట్టాల మీద ఇప్పుడు గింజల కోసం మనుషులే వెళుతున్నారు.

వాళ్ళకి ప్యాసింజరు బండి అంటే ఎంతో 2020 మార్చిలో కరోనాకి రైళ్ళు ఆగినప్పుడు తెలిసింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు దేశమంతటా ప్యాసింజర్లకే ఎక్స్‌ప్రెస్ అని పేరు తగిలించి, 10 రూపాయలున్న కనీస టికెట్టుని 30 చేశారు. 2024 ఫిబ్రవరిలో గానీ పాత ధర తిరిగి రాలేదు. మనకి 20 రూపాయలు తేడా పెద్దది కాకపోవచ్చు. నలుగురున్న కూలి కుటుంబానికి రానూపోనూ లెక్క వేసి చూడండి. పైగా పెద్ద బండ్లు చిన్న స్టేషన్లలో ఆగవు. బండి ఆగని ఊళ్ళో స్టేషనుంటే ఏం, లేకపోతే ఏం? మెట్రోకి రెండు కిలోమీటర్లలో ఇల్లుంటే అద్దె పెరుగుతుందట. మాకు బండి ఆగితే పిల్లకి సంబంధం కుదురుతుంది, పాలూ పూలూ అమ్ముడవుతాయి, పురిటికి పుట్టింటికి వెళ్ళొచ్చు.

మొన్న నా పక్కన కూర్చున్నామె నరసరావుపేటలో దిగాలి. చేతిలో టికెట్టు పెట్టుకుని మూడుసార్లు అడిగింది, "తిరిగొచ్చేటప్పుడు ఈ బండి మా తర్లుపాడులో ఆగుద్దా అమ్మా?" అని. ప్యాసింజరే ఎక్కమ్మా, వేరేది ఎక్కితే మార్కాపురంలో దింపేసిపోతుంది అన్నాను. ఆమె మూట ముడి విప్పి, టికెట్టుని పిల్లాడి గౌను మడతలో పెట్టి, మళ్ళీ ముడేసింది.