పేరు ఒకటి, వ్రాతలు రెండు

కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాలలో ఒక బాలుడు చైనా రాజధాని ‘పెకింగ్’ అని పరీక్షలో వ్రాసెను. పాఠ్యపుస్తకమున ‘బీజింగ్’ అని యుండుటచే మేము దానిని కొట్టివేసితిమి. మరునాడు అతడు తన తాతగారి పాత అట్లాసును తెచ్చి చూపెను. మేము మార్కు తిరిగి ఇచ్చితిమి. తల్లిదండ్రులకును ఇట్టి సందేహము కలుగవచ్చును గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇవి రెండు నగరములు కావు. ఒకే పేరునకు రోమను లిపిలో ఏర్పడిన రెండు రూపములు. ఇందలి మొదటి మాటకు ఉత్తరమనియు, రెండవ దానికి రాజధాని యనియు అర్థము. నాన్‌జింగ్ అనగా దక్షిణ రాజధాని. ఈ ‘జింగ్’ అను మాటను పూర్వము ‘కింగ్’ అని పలికెడివారు. కాలక్రమమున రాజధాని పలుకుబడిలో ఆ ‘క’కారము ‘చ’కారమునకు దగ్గరయ్యెను. ఇది మనకు వింత కాదు. ఇరుగుపొరుగు కన్నడిగుల ‘కివి’ మనకు ‘చెవి’. వారి ‘కెరె’ మనకు ‘చెరువు’.

పలుకు మారినను పాత వ్రాత నిలిచిపోయెను. 1906లో షాంఘైలో జరిగిన తపాలా సమావేశము అట్టి రూపములనే స్థిరపరచెను. 1958లో చైనా ప్రభుత్వము ‘పిన్‌యిన్’ అను క్రొత్త పద్ధతిని ఆమోదించెను. 1977లో ఐక్యరాజ్యసమితి వారి భౌగోళిక నామముల సమావేశము దానిని అంగీకరించెను. 1979 నుండి చైనావారు విదేశ వ్యవహారములలో దానినే వాడసాగిరి. అయినను పెకింగ్ విశ్వవిద్యాలయము ఆంగ్లమున నేటికిని పాత పేరునే నిలుపుకొన్నది.

పిన్‌యిన్ అక్షరములను ఆంగ్లమువలె చదువరాదు. అందు ‘క్యూ’ అక్షరము ఒత్తి పలికిన ‘చ’. ‘ఎక్స్’ ఇంచుమించు ‘ష’. ‘బి’ మన ‘ప’. ‘పి’ ఒత్తి పలికిన ‘ప’. కావున ‘క్యూ’తో మొదలగు రేవుపట్టణమును ‘క్వింగ్‌డావో’ అనక ‘ఛింగ్‌తావ్’ అనవలెను. పాత పటములలోని ‘సింగ్‌టావ్’ ఇదియే.

ఇంట పాత పుస్తకమును, బడి పుస్తకమును భేదించినచో బిడ్డను కోపించక, రెండు పటములను ప్రక్కప్రక్కన పరచి, ఊరు ఒకచోటనే యున్నదో లేదో చూడుమనుడు. పరీక్షలో నేటి రూపమునే వ్రాయవలెను. పాత రూపమును తెలిసికొనుట మాత్రము తప్పు కాదు. ఆ బాలుడు మాకు నేర్పిన పాఠము ఇదియే.