ఫిట్స్ కథ చెప్పాల్సింది చూసినవాళ్లే!

ఫిట్స్ వచ్చిన మనిషి న్యూరాలజిస్టు ఎదుట కూర్చునేసరికి మామూలుగానే ఉంటాడు. ఏమైందని అడిగితే ‘కళ్లు తెరిచేసరికి చుట్టూ జనం ఉన్నారండీ’ అంటాడు. అంతకుమించి అతనికేమీ తెలియదు. అందుకే డాక్టరు వెంట వచ్చినవాళ్ల వైపు తిరుగుతారు.

ముందు ఏ చెయ్యి కొట్టుకుంది? కళ్లు తెరిచే ఉన్నాయా? నాలుక తెగిందా? తెలివొచ్చాక ఎంతసేపు అయోమయంగా ఉన్నాడు? అడిగే ప్రతిదానికీ లెక్క ఉంది. కుడిచేత్తో మొదలైతే మెదడు ఎడమవైపు ఏదో ఉందని అనుమానం. కళ్లు గట్టిగా మూసుకునే ఉంటే అవి అసలు ఫిట్స్ కాకపోవచ్చు. పడిన క్షణాల్లోనే తేరుకుంటే బీపీ పడిపోయో, గుండె లయ తప్పో సొమ్మసిల్లి ఉండొచ్చు.

పరీక్షలు ఆ తర్వాతే

మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను 1924లో తొలిసారి నమోదు చేసింది జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్. ఆ ఈఈజీయే నేటికీ మూర్ఛ వైద్యానికి ఆధారం. అయితే ఫిట్స్ రాని సమయంలో తీస్తే రిపోర్టు నార్మల్‌గానే రావొచ్చు. అంతమాత్రాన జబ్బు లేదనుకోకూడదు. ఎమ్మారైలో పాత దెబ్బ తాలూకు మచ్చో, గడ్డో, బద్దెపురుగు తిత్తో బయటపడుతుంది. మనదేశంలో ఈ తిత్తుల వల్ల ఫిట్స్ వచ్చేవారు తక్కువేం కాదు. ఆ పురుగు గుడ్లు కడుపులోకి చేరకుండా పచ్చికూరలు బాగా కడగాలని, తినేముందు చేతులు కడుక్కోవాలని చెప్పేది అందుకే.

మాత్ర మానొద్దు

సరైన మందు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ అదుపులో ఉంటాయి. తగ్గాయి కదాని సొంతంగా ఆపేస్తేనే చిక్కు. కొన్నేళ్లు రాకపోతే డాక్టరే కొంచెం కొంచెంగా డోసు తగ్గిస్తారు. గర్భంలోని బిడ్డకు హాని చేసే వాల్‌ప్రోయేట్ లాంటి మందులను ఆడపిల్లలకు వీలైనంతవరకు రాయరు.

‘పెళ్లి చెయ్యొచ్చా?’ అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. తరచూ మూర్ఛ వచ్చేవారు పెళ్లికి పనికిరారన్న మాట హిందూ వివాహ చట్టంలో ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. నిక్షేపంగా చెయ్యొచ్చు. కానీ జబ్బు దాచి చేస్తే, అత్తింట్లో ఎవరైనా చూస్తారని అమ్మాయి మాత్ర మింగడం మానేస్తుంది. ఫిట్స్ మళ్లీ మొదలవుతాయి. కాబట్టి రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి మాట్లాడటం కూడా వైద్యంలో భాగమే.

ఎదుట ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, ఉల్లిపాయ వాసన చూపించకండి, నోట్లో చెంచా కుక్కకండి. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. మరొకరు పక్కనుంటే సెల్‌ఫోన్లో వీడియో తీయమనండి. డాక్టరుకు అంతకన్నా పనికొచ్చే రిపోర్టు లేదు.