ఏ కోర్సు నడుస్తుందో అమీర్‌పేటకి ఎవరు చెబుతారు?

1990ల చివర వైటూకే భయం రోజుల్లో హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్ నేర్పారు. తర్వాత జావా, ఒరాకిల్, డాట్‌నెట్, శాప్ వచ్చాయి. ఆ తర్వాత హడూప్, డెవాప్స్, ఇప్పుడు ఏఐ. ఏ యూనివర్సిటీ కమిటీ కూర్చుని ఈ వరస తేల్చింది? ఏదీ కాదు. పంజాగుట్టలో నిమ్స్ దగ్గర మందుల షాపులు ఎందుకు వెలిశాయో తేలిగ్గానే చెప్పొచ్చు, మధ్యలో పెద్దాసుపత్రి ఉంది. అమీర్‌పేటకి అలాంటి నడిబొడ్డు కూడా లేదు.

మరి ఎలా నడుస్తోంది?

డెమో క్లాసు చూడండి. మొదటి ఒకటి రెండు రోజులు డబ్బు కట్టక్కర్లేదు. కుర్రాడు నాలుగుచోట్ల కూర్చుని, నచ్చినచోట ఫీజు కడతాడు. బ్యాచ్ నిండితే పక్క ఇన్‌స్టిట్యూట్‌వాడు కనిపెట్టి అదే కోర్సుకి ఫ్యాకల్టీని వెతుక్కుంటాడు. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాడు ఏమడిగారో ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో చెబుతాడు. ఆ ప్రశ్నలు జిరాక్స్ షాపుకి చేరి ‘మెటీరియల్’ అయిపోతాయి. పొద్దున్నే క్లాసు చెప్పి ఆఫీసుకి వెళ్లే ఫ్యాకల్టీ అయితే కంపెనీలో ఏం వాడుతున్నారో క్లాసుకే మోసుకొస్తాడు. మొత్తం చిత్రం వీళ్లలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

చెదపురుగులు పుట్ట కట్టేదీ ఇలాగేనని ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త పియేర్-పాల్ గ్రాసే 1959లో రాశాడు. ఎవరి ఆజ్ఞా ఉండదు. ఒకటి పెట్టిన మట్టి ముద్దే తర్వాతిదానికి పని చెబుతుంది. దీనికి ఆయన ‘స్టిగ్మర్జీ’ అని పేరు పెట్టాడు.

అయితే ఇలా ఒకరు వదిలి మరొకరు చూసే గుర్తులుంటే సరిపోదు, అవి చెరిగిపోవాలి కూడా. బ్రసెల్స్ పరిశోధకులు 1989లో అర్జెంటీనా చీమలకి పుట్టనుంచి తిండికి రెండు దారులిచ్చారు. దగ్గరి దారిన చీమలు త్వరగా తిరిగొస్తాయి గనక అక్కడ అవి నడుస్తూ వదిలే వాసన ముందుగా చిక్కబడింది, గుంపు అటే మళ్లింది. కానీ మొదట పొడుగు దారి మాత్రమే ఉంచి, దగ్గరిదాన్ని ఆలస్యంగా తెరిస్తే? చాలాసార్లు చీమలు పాత దారినే పట్టుకుని వేలాడాయి. పాత వాసన పోలేదు మరి.

అమీర్‌పేటకి ఆ బాధ తక్కువ. నిన్నటి పోస్టరు మీద నేటి పోస్టరు అంటిస్తారు. డెమోకి జనం రాకపోతే బ్యాచ్ ఎత్తేస్తారు, నెల తిరిగితే గది అద్దె కట్టాలి కదా! కాలేజీ సిలబస్‌కి అద్దె బెడద లేదు, అందుకే పాత పాఠం ఏళ్లతరబడి సాగుతుంది. నన్నడిగితే అమీర్‌పేట అసలు బలం ఈ మరుపే.

చిక్కు ఎక్కడంటే, గుర్తులని దొంగగా తయారుచెయ్యొచ్చు. పదిమంది రెజ్యూమెల్లో ఒకే ప్రాజెక్టు, పనిచెయ్యని కంపెనీలో మూడేళ్ల ‘ఎక్స్‌పీరియెన్స్’. దాంతో నిజంగా పనిచేసినవాడి కాగితానికీ విలువ పడిపోయింది. ఇప్పుడు చాలా కంపెనీలు సర్టిఫికెట్‌ని పక్కనపెట్టి పీఎఫ్ ఖాతాలో సర్వీసు చూపించమంటున్నాయి. దాన్ని జిరాక్స్ షాపులో తయారుచెయ్యడం కష్టం.